కాటా మీద తూగని సరుకు

గాలిమరల కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే ప్లాంటు ఐరోపాలో ఎక్కడైనా మూతపడిందని తెలియగానే మన దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. మొదటిది: "గాలిమరలకు పుట్టిల్లు లాంటి డెన్మార్క్ వాడే చేతులెత్తేశాడు, ఇక మన పూడిమడక హైడ్రోజన్ హబ్ ఏపాటి?" రెండోది కాస్త వ్యాపారం తెలిసినవాళ్లది: "గ్యాస్ కట్టర్ పెట్టి కోసి, రాగి వేరుగా ఇనుము వేరుగా కాటా వేయించి, స్థలం ఖాళీ చేసి ఏ గోదాముకో అద్దెకిచ్చుకుంటే నయం." రెండు మాటలకూ మూలం ఒక్కటే. మూతపడిందంటే మోసం బయటపడ్డట్టే, మోసపు సరుకుకు తుక్కు ధర దక్కడమే ఎక్కువ అన్న నమ్మకం. ఐరోపాలోనూ ఇలా అనేవాళ్లకు కొదవలేదు.

అలాంటి ప్లాంటు మూతపడటం చాలాసార్లు సబబేనని నేనూ ఒప్పుకుంటాను. దాన్ని తుక్కు కింద అమ్మడాన్ని మాత్రం ఒప్పుకోను. అమ్మాలి, త్వరగా అమ్మాలి, కానీ బతికున్న జాగాగా, కాగితాలతో సహా, ఒక్క ముక్కగా అమ్మాలి.

మొదట ఆ మూత ఎందుకు పడుతుందో చూడాలి. డెన్మార్క్‌లో జట్లాండ్ నడుమ బ్రాండే అనే చిన్న ఊరుంది. అక్కడ సీమెన్స్ గమేసా కంపెనీ ఒక 3 మెగావాట్ల గాలిమరకు నీటిని విడగొట్టే 400 కిలోవాట్ల ఎలక్ట్రోలైజర్‌ను జతచేసింది. గ్రిడ్‌తో సంబంధం లేకుండా కూడా నడిచేలా అమర్చింది. 2021లో తొలి హైడ్రోజన్ వచ్చింది. ఎవర్‌ఫ్యూయెల్ అనే సంస్థ ఆ గ్యాసును ట్రక్కుల మీద బంకులకు చేర్చేది, కోపెన్‌హాగన్ ట్యాక్సీలు నింపుకొనేవి. 2023లో ఆ సంస్థ డెన్మార్క్‌లోని తన బంకులను మూసేయాలని నిర్ణయించింది. జట్లాండ్‌లో గాలి ఆగిపోలేదు, నీళ్లు విడిపోవడం మానలేదు. దారి చివర కొనే బేరం పోయింది, అంతే.

ఆ బేరం పోవడంలో అన్యాయమేమీ లేదు. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. ఆ కిలోలో నిలిచేది 33 యూనిట్ల శక్తి. దాన్ని అణిచి సిలిండర్లకెక్కించి, ట్రక్కులో మోసి, కారులోని ఫ్యూయెల్ సెల్‌లో మళ్లీ కరెంటుగా మార్చేసరికి చక్రానికి దక్కేది పెట్టినదాంట్లో మూడో వంతు ఉంటే గొప్ప. అదే కరెంటును తిన్నగా బ్యాటరీలో నింపితే ట్యాక్సీ రెండింతలకు పైగా దూరం పోతుంది. ట్యాక్సీకి హైడ్రోజన్ పోయడం మొదటినుంచీ పొరపాటు ఎంపికే. నష్టానికి నడపమని ఎవరినీ అడగలేం.

అయితే ఈ లెక్క చెబుతున్నది ట్యాక్సీ గురించి. ఎరువుల కర్మాగారానికి, రిఫైనరీకి హైడ్రోజన్ ఇంధనం కాదు, ముడిసరుకు. అమ్మోనియాలో బ్యాటరీ పెట్టలేం కదా. ఒక వాడుక పోయిందని సరుకంతా బూటకమనేవాళ్లు ఈ తేడా దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తారు. "సరే, వాడుక ఉందనుకుందాం, ఈ బుల్లి ప్లాంటుకు ఏముంది?" అంటారు. అది మంచి ప్రశ్నే. నిజానికి మొదట అడగాల్సింది అదే.

ఊళ్లో పాత సినిమా హాలు మూతపడితే ప్రొజెక్టర్ గుజరీకి పోతుందేమో గానీ, మెయిన్ రోడ్డు మీది ఆ జాగాకు, దాని కరెంటు కనెక్షన్‌కు, బండ్లు నిలిపే స్థలానికి ఎవరూ గుజరీ ధర కట్టరు; రెండేళ్లు తిరక్కుండా అది కల్యాణ మండపం అవుతుంది. గాలి హైడ్రోజన్ ప్లాంటు సంగతీ ఇంతే. బయటికి అది ఒకే యంత్రంలా కనిపిస్తుంది గానీ నిజానికి వేర్వేరు ఆయుష్షులున్న ఐదారు ఆస్తులను ఒకే కంచెలో పెట్టిన చోటు. నార్వే తీరంలో ఉట్సీరా అనే దీవి మీద 2004లో నోర్స్క్ హైడ్రో సంస్థ రెండు గాలిమరలు, ఒక చిన్న ఎలక్ట్రోలైజర్, గ్యాసు ట్యాంకు, హైడ్రోజన్‌తో నడిచే ఇంజన్, ఫ్యూయెల్ సెల్ కలిపి పది ఇళ్లకు కరెంటిచ్చింది. గాలి పడిపోయిన రోజున నిల్వచేసిన హైడ్రోజన్‌తో దీపాలు వెలిగించవచ్చని చూపించడమే దాని ఉద్దేశం. ప్రయోగం కొన్నేళ్లకు ముగిసింది, హైడ్రోజన్ భాగం ఆగింది. గాలిమరలు మాత్రం ఆ తర్వాతా గ్రిడ్‌కు కరెంటు అమ్ముతూనే వచ్చాయి. ఒక భాగం చచ్చిందని మొత్తానికీ కర్మకాండ చేసేస్తే అక్కడ నష్టపోయేది ఎవరు?

ఇప్పుడు తుక్కు లెక్కకే వద్దాం, ఎందుకంటే తుక్కువాదులు తమ లెక్కను కూడా సరిగ్గా వేయరు. గాలిమర స్తంభం ఉక్కు, జనరేటర్‌లో రాగి, ఎలక్ట్రోలైజర్‌లో నికెల్ పలకలు. వీటికి ధర వస్తుంది, నిజమే. రెక్కలు గాజునార, రెజిన్ కలిపి పోతపోసినవి. వాటిని కరిగించలేం, కాల్చినా కలిసిరాదు, కోసి తరలించడానికి ఎదురు డబ్బు కట్టాలి. భూమిలో వందల టన్నుల కాంక్రీటు పునాది. దాన్ని తవ్వి తీయాలంటే బ్రేకర్లు, లారీలు. స్తంభాన్ని దించే క్రేన్ రోజు అద్దెను చూసే చాలామంది అమ్మకందార్లు వెనక్కి తగ్గుతారు. ఎలక్ట్రోలైజర్ కడుపులో ఉండే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చర్మం మీద పడితే కాలుస్తుంది. దాన్ని పద్ధతి ప్రకారం పారబోయించాలి. ఇవన్నీ తీసేస్తే చేతిలో మిగిలేది తుక్కు ధర కాదు, తుక్కు బిల్లు.

అటు, కాటా మీద తూగనివాటి ధర చూడండి. ఐరోపాలో ఇవాళ పరిశ్రమ పెట్టేవాడికి యంత్రం దొరకడం కష్టం కాదు, గ్రిడ్ కనెక్షన్ దొరకడం కష్టం. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి క్యూలో నిలబడాలి. మూతపడిన ప్లాంటు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్, స్విచ్‌గేర్, ఇరువైపులా కరెంటు పంపగల ఒప్పందం అప్పటికే ఉంటాయి. పల్లె భూమిలో పరిశ్రమకు అనుమతి తెచ్చుకోవడం డెన్మార్క్‌లో ఇంకో యుద్ధం. అక్కడ దేశమంతా పట్టణ భూమి, గ్రామీణ భూమి, వేసవి విడిది భూమి అని మూడుగా విడిపోయి ఉంటుంది. గ్రామీణ భూమిలో చుట్టుపక్కల రైతుల అభ్యంతరాలు, చప్పుడు లెక్కలు, నీడ లెక్కలు అన్నీ దాటి వచ్చిన అనుమతి అది. హైడ్రోజన్ నిల్వ విషయంలో ప్లాంటు చిన్నది కావడమే దీనికి కలిసొస్తుంది. ఐరోపా సమాఖ్యలో పెద్ద ప్రమాదాల నివారణకు పెట్టిన సెవేసో నిబంధనలు హైడ్రోజన్‌కు 5 టన్నుల నిల్వ దగ్గర మొదలవుతాయి. రోజంతా ఆగకుండా నడిచినా 200 కిలోలు దాటని ప్లాంటు ఆ గీత దరిదాపులకు పోదు. ఆ కాగితాల కట్టను కట్టర్‌తో కోసి కాటాకు ఎక్కించండి చూద్దాం.

కనెక్షన్ కావలసినవాడు హైడ్రోజన్ వాడే కానక్కర్లేదు. బ్యాటరీ నిల్వ పెట్టేవాడు కావచ్చు, పక్క డెయిరీకి వేడినీళ్లు ఇచ్చే విద్యుత్ బాయిలర్ పెట్టేవాడు కావచ్చు, బయోగ్యాస్ ప్లాంటు వాడు తన దగ్గర వృథాగా వదిలేసే కార్బన్ డయాక్సైడ్‌కు హైడ్రోజన్ కలిపి మీథేన్ చేసుకోవచ్చు. జట్లాండ్‌లో పందుల పేడ, పశువుల పేడ మీద నడిచే బయోగ్యాస్ ప్లాంట్లకు కొదవేమీ లేదు.

అయితే బతికున్న జాగాగా అమ్మాలంటే ముందు అది బతికి ఉండాలి. ఇక్కడ నా కోపం అమ్మేవాళ్ల మీద. ప్లాంటు ఆపేసిన రోజున గేటుకు తాళం వేసి, మిగతా సంగతి లాయర్లు చూసుకుంటారని పోతారు. కంటెయినర్ తలుపు తీసి చూస్తే తెలుస్తుంది ఆ నిర్లక్ష్యం ఖరీదు ఎంతో. క్షార ఎలక్ట్రోలైజర్‌ను ఆపినప్పుడు లోపలి గ్యాసులను నైట్రోజన్‌తో వెళ్లగొట్టి, ఆ నైట్రోజన్‌నే కొద్ది ఒత్తిడి మీద నిలిపి ఉంచాలి. ఆ గేజి ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉందంటే లోపలికి గాలి చేరినట్టే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ద్రావణంతో కలిసి కార్బనేట్ అవుతుంది, నికెల్ పలకల పూత పాడవుతుంది. నీటిని శుద్ధిచేసే మెంబ్రేన్లు ఒక్క డేనిష్ చలికాలంలో తడిగా ఉండి గడ్డకట్టాయంటే పగిలిపోతాయి. కంప్రెసర్ డయాఫ్రమ్‌కు తనిఖీ గడువు, ఒత్తిడి సిలిండర్లకు పరీక్ష గడువు దాటిపోతాయి. ఇన్నీ బాగున్నా, అన్నిటికీ మించిన చిక్కు ఒకటి మిగులుతుంది: కంట్రోల్ ప్యానెల్ పాస్‌వర్డ్. దాన్ని రాసిన ఇంజనీరు కంపెనీ మారి ఉంటాడు, యంత్రం చేసిన సంస్థ మూతపడి ఉంటుంది. యంత్రాన్ని నడిపే కంప్యూటర్ (పీఎల్‌సీ) పాస్‌వర్డ్ లేని ఎలక్ట్రోలైజర్ అప్పుడు నిజంగానే తుక్కు. తుక్కువాదులు గెలిచేది ఇలాగే. వాళ్ల వాదనలో బలం ఉండి కాదు, ఇవతలివాళ్ల ఒళ్లు బద్ధకం వల్ల.

"ఇదంతా చాదస్తం, ఆగిపోయిన గాలిమరను ఎవడు కొంటాడు, ఎవడు కావాలంటాడు" అంటారా? డెన్మార్క్ చరిత్రలోనే జవాబుంది.

అదే జట్లాండ్‌లో ఆస్కోవ్ అనే ఊళ్లో పౌల్ లా కూర్ అనే బడిపంతులు 1891లో ప్రభుత్వ సాయంతో గాలిమర కట్టి దానితో కరెంటు పుట్టించాడు. కరెంటును దాచుకునే దారి కోసం నీటిని విడగొట్టి హైడ్రోజన్ చేశాడు. 1895 నుంచి 1902 దాకా ఆయన పాఠాలు చెప్పే జానపద విద్యాలయంలో దీపాలు వెలిగింది ఆ గ్యాసుతోనే. హైడ్రోజన్‌లో కాస్త ఆక్సిజన్ కలిసినప్పుడల్లా పేలి కిటికీ అద్దాలు ఎగిరిపోయేవి. మార్చి మార్చి వేయించేవాళ్లు. అంటే గాలి హైడ్రోజన్ మూతపడటం ఈ శతాబ్దపు కొత్త సంగతేమీ కాదు, నూట ఇరవై ఏళ్ల నాడే ఒకసారి మూతపడింది. నేటి విమర్శకుడు ఆనాడు ఉండి ఉంటే ఆస్కోవ్‌ను వేలం వేయించేవాడే. లా కూర్ దాన్ని బడి చేశాడు. 1904 నుంచి పల్లె కుర్రాళ్లకు గాలి కరెంటు పని నేర్పించాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒకడు యొహానెస్ యూల్. అతను 1957లో గెడ్సర్ దగ్గర కట్టిన 200 కిలోవాట్ల మూడు రెక్కల గాలిమరే తర్వాత వచ్చిన డేనిష్ మరలకు నమూనా.

ఆ గెడ్సర్ మర కథ ఇంకా ముఖ్యం. పదేళ్లు తిరిగి 1967లో అది ఆగిపోయింది. చమురు కారుచౌక, మర మరమ్మతు ఖర్చు దండగ అన్నారు. అప్పటి లెక్క ప్రకారం వాళ్లన్నది తప్పు కూడా కాదు. కానీ కోసి అమ్మలేదు, అలాగే నిలబడి ఉంది. 1973 చమురు సంక్షోభం వచ్చాక అమెరికాకు గాలిమరల మీద మళ్లీ ఆసక్తి పుట్టింది. పెద్ద గాలిమర ఏళ్ల తరబడి ఎలా ప్రవర్తిస్తుందో కొలుచుకోవడానికి పాత మర ఎక్కడుందా అని చూస్తే గెడ్సర్‌లో ఉంది. నాసా కోరిక మీద దాన్ని బాగుచేశారు. 1977 నుంచి మళ్లీ తిప్పి కొలిచారు. 1967లో దాన్ని కాటాకు ఎక్కించి ఉంటే కొన్ని టన్నుల ఇనుము ధర వచ్చేది. ఆ కొలతలు ఏ కాటా మీద తూగుతాయి?

పాతకాలం ఉదాహరణలతో ఇవాళ్టి వ్యాపారం సాగదంటే నిన్నగాక మొన్నటిదే చెబుతాను. బ్రాండే ఎలక్ట్రోలైజర్‌ను తయారుచేసింది గ్రీన్ హైడ్రోజన్ సిస్టమ్స్ అనే డేనిష్ కంపెనీ. 2021లో షేర్ మార్కెట్‌కు ఎక్కింది, 2025లో దివాలా తీసింది. స్కీవె పురపాలక ప్రాంతంలో, పొలాల నడుమ, గ్రీన్‌ల్యాబ్ అనే గ్రామీణ పారిశ్రామిక వాడలో దానికొక పరీక్షా కేంద్రం ఉండేది. పక్కనే గాలిమరలు, బయోగ్యాస్ ప్లాంటు, సముద్ర నక్షత్రాలను ఎండబెట్టి కోళ్ల మేతకు పొడిచేసే కర్మాగారం లాంటివాటి మధ్య ఒకరి వేడి మరొకరు వాడుకునేలా కట్టిన వాడ అది. దివాలా తీసిన కంపెనీ సాంకేతిక హక్కులనూ స్కీవెలోని ఆ పరీక్షా కేంద్రాన్నీ జర్మన్ కంపెనీ థిస్సెన్‌క్రుప్ న్యూసెరా కొనుక్కుంది. ఎలక్ట్రోలైజర్ల వ్యాపారంలో తలపండిన కంపెనీ అది. గుజరీ వ్యాపారం చేసే కంపెనీ కాదు. 35 బార్ల ఒత్తిడి మీద నేరుగా గ్యాసు ఇచ్చే యంత్రాన్ని పూర్తి సైజులో పెట్టి నడిపి చూసుకునే చోటు, దాని వెనకున్న తప్పొప్పుల అనుభవం దానికి కావాలి. మొదటినుంచి కట్టుకుంటే పట్టే ఏళ్లను కొనుక్కుంది.

"కంపెనీ కొనడం వేరు, మూల పడిన ప్లాంటు కొనడం వేరు" అని సన్నాయి నొక్కులు నొక్కేవాళ్లను కాకినాడ తీసుకుపోతాను. మూతపడిన నాగార్జున ఫెర్టిలైజర్స్ అమ్మోనియా, యూరియా కర్మాగారం మన కళ్ల ముందే ఉంది. 1992లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ కర్మాగారాన్ని గ్రీన్‌కో వ్యవస్థాపకుల ఏఎం గ్రీన్ తీసుకుని హరిత అమ్మోనియాకు మళ్లిస్తానంటోంది. సహజవాయువు మీద కట్టిన పాత ప్లాంటు అది. అయినా ఓడరేవు పక్కన జాగా, అమ్మోనియాతో మెలగడానికి ఏర్పడ్డ కట్టడాలు, నీళ్లు, దారులు ఉన్నాయి. అనుకున్నట్టు జరుగుతుందా లేదా అన్నది వేరే చర్చ. నాకు అనుమానాలు లేకపోలేదు. కానీ బేరం కుదిరింది కిలోల లెక్కన మాత్రం కాదు.

ఇంకో వర్గం ఉంది. ప్రజాధనంతో సాయం పొందిన ప్లాంటు కాబట్టి అమ్మనే కూడదు, ప్రభుత్వమే తీసుకుని నడపాలంటుంది. ఉద్దేశం మంచిదే. కానీ కొనే దిక్కు లేని గ్యాసును ప్రభుత్వం తయారుచేస్తే మాత్రం ఎవరు కొంటారు? ఊరికే కాపలా పెట్టి ఉంచితే పైన చెప్పిన నైట్రోజన్ ముల్లు సున్నాకు చేరే దాకా జీతాలు కట్టడమే. ప్రజాధనం తిరిగి రాబట్టుకునే దారి అమ్మకపు షరతుల్లో ఉంది: నడిపిన గంటల లెక్కలు, లోపాల చిట్టాలు బయటపెట్టాలి, విశ్వవిద్యాలయాలకు ఇవ్వాలి. సబ్సిడీ తీసుకున్నవాడు అనుభవాన్ని వ్యాపార రహస్యం అని దాచుకోవడం ఏ దేశంలోనైనా నాకు రుచించదు.

ఇక పూడిమడక. అనకాపల్లి జిల్లాలో ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. చెప్పిన పెట్టుబడి 1,85,000 కోట్లు, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్. బ్రాండే రోజంతా నడిచినా తీసేది 200 కిలోల లోపు. ఏడున్నర వేల రెట్ల తేడా ఉన్న రెండింటిని పక్కపక్కన పెట్టి "అది పోయింది కాబట్టి ఇదీ పోతుంది" అనడం వాదన కాదు, శాపనార్థం. అలాగని పెద్దదైతే పోదన్న భరోసా కూడా లేదు. బ్రాండేకు దూరమైనట్టే దీనికీ కొనేవాడు దూరం కావచ్చు. పైగా ఇక్కడి సరుకులో పెద్ద భాగం చేరాల్సింది విదేశీ రేవులకు. అక్కడి నిబంధనలు ఒక్క వాక్యం మారినా మన లెక్క మారుతుంది. 200 కిలోల ప్లాంటు మూతపడితే ఒక కంచెకు తాళం పడుతుంది. 1,500 టన్నులది ఆగితే అచ్యుతాపురం మండలమంతా ఆగుతుంది.

అందుకే భూమి లీజు పత్రాల్లో ఇప్పుడే రాయించాల్సినవి ఉన్నాయి. ప్లాంటు ఆగితే ఎన్ని నెలల్లోగా అమ్మకానికి పెట్టాలో, అప్పటిదాకా యంత్రాలను ఏ స్థితిలో ఉంచాలో రాయాలి. గ్రిడ్ కనెక్షన్, నీటి కేటాయింపు జాగాతో పాటే కొత్త యజమానికి బదిలీ కావాలి. నేలను శుభ్రం చేసే ఖర్చుకు బ్యాంకు గ్యారంటీ ముందే పెట్టించాలి. కంట్రోల్ సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డ్‌లు, డ్రాయింగులు, పీడన పాత్రల పరీక్షా పత్రాలు ఒక ప్రతి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ దగ్గర సీలు వేసి ఉండాలి, ఏటా సరిచూసుకోవాలి. శంకుస్థాపన నాడు మూసివేత గురించి మాట్లాడితే అపశకునం అనుకునే అధికారులుంటారు. ఇల్లు కట్టినప్పుడే బీమా చేయించుకునే ఆ అధికారులే ఈ నాలుగు క్లాజులూ లీజులో రాయించడానికి మాత్రం ఎందుకు జంకుతారో వాళ్లే చెప్పాలి.